పలికింది, పద

మా వీధి చివరి గుడికి ఆళ్లగడ్డ నుంచి కొత్త నంది వచ్చింది. చిన్న లారీలో వరిగడ్డి పరిచి, దాని మీద పడుకోబెట్టి తెచ్చారు. దింపడానికి తాళ్లు కట్టారు. వెంట వచ్చిన పనివాడు మాత్రం అందరినీ ఆగమని, వేలికున్న ఉంగరంతో నంది మూపురం మీద టంగుమని కొట్టి, చెవి ఆనించాడు. గతుకుల్లో ఎక్కడైనా బీటవారిందేమో చూసుకుంటున్నాడు. తర్వాత తలెత్తి, తాడు పట్టుకున్నవాళ్లతో, "పలుకుతాంది, దింపండప్పా" అన్నాడు.

ఆ మాట విని చాలాకాలమైంది. టీ గ్లాసు గోడ మీద పెట్టి అతని దగ్గరకు వెళ్లాను. మీ యార్డులో ఒక పెద్దాయన ఉండేవాడు, కనుబొమ్మల నిండా రాతి దుమ్ముతో, మనిషి పక్కనే ఉన్నా రోడ్డవతలి వాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు, ఎలా ఉన్నాడని అడిగాను.

"కొండకు పోయేటాయప్పనా?"

ఆయనే అన్నాను.

"పోయినాడు గదా."

కొండకు పోయాడని చెబుతున్నాడనుకుని నేను తల ఊపాను. అతను నా మొహం చూసి, నాకు అర్థం కాలేదని తెలుసుకుని, ఎండాకాలంలో పోయాడని, జ్వరం వచ్చి ఇంట్లోనే పోయాడని విడమరిచి చెప్పాడు. మంచం మీదనే పోయాడా అని మళ్లీ అడిగాను. ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు పాపం. ఆ ప్రశ్న వెనక ఏముందో అతనికి తెలియదు. ఏదో ఒక తెల్లవారుజామున ఆ పెద్దాయన కొండ మీద నుంచి దిగి రాడనే భయం నాలో ఎన్నో ఏళ్లుగా ఉంది. ఎలుగుబంటి దాడి చేసిందని ఆళ్లగడ్డ వైపు నుంచి వార్త వస్తే, ఎవరన్నది చదవకముందే నా కళ్లు ఊరి పేరు కోసం వెతికేవి.

ఆళ్లగడ్డలో శిల్పాల యార్డులు చూసినవాళ్లకు ఆ మోత ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. రోడ్డుకు రెండు పక్కలా సగం చెక్కిన దేవుళ్లు నిలబడి ఉంటారు. ముక్కు ఇంకా రాని అమ్మవారు, చేతులు ఇంకా రాయిలోనే ఉన్న ఆంజనేయుడు. వాళ్ల మధ్య రాయి కోసే మిషన్లు పొద్దున మొదలైతే చీకటి పడేదాకా అరుస్తూనే ఉంటాయి. అక్కడ పనిచేసేవాళ్లు నోటితో కంటే చేతులతోనే ఎక్కువ మాట్లాడుకుంటారు. టీ కావాలంటే ఒక సైగ, సుత్తి ఇమ్మంటే ఒక సైగ. అలాంటి చోట ఒక మనిషికి చెవులు ఎప్పుడు వినడం మానేశాయో పక్కవాడికి తెలియదు. కొన్నాళ్లు ఆ మనిషికే తెలియకపోవచ్చు.

నేను మొదట వెళ్లింది నంద్యాల నుంచి, పత్రిక పంపితే. శిల్పుల మీద ఒక పేజీ కావాలన్నారు. యజమాని నాతో మాట్లాడుతూనే ఈయన వైపు వేలు చూపించి, రాయి ఎంచేది ఆయనే, ఆయన్ని అడగండి అన్నాడు. ఈయన అప్పుడు కొత్తగా దిగిన రాళ్ల చుట్టూ తిరుగుతున్నాడు. ఒక్కో రాయి దగ్గర ఆగి, ఎడమ అరచేయి దాని మీద ఆనించి, కుడిచేత్తో చిన్న సుత్తితో ఒక దెబ్బ వేసేవాడు. లోపల పగులు లేని రాయి గంటలా మోగుతుంది. పగులుంటే మట్టికుండ మీద కొట్టినట్టు ముద్దగా వస్తుంది. ఆయన నోటి నుంచి రెండే మాటలు వచ్చేవి. పలికింది. పలకలే. అంతకు మించి వివరం అడిగితే, "అది జెప్పింది, నేనిన్యా, అంతే గదా" అనేవాడు.

మాట్లాడేటప్పుడు ఆయన మన కళ్లలోకి చూసేవాడు కాదు. నోటి వంక చూసేవాడు. ఇంత శ్రద్ధగా వినే మనిషిని నేను చూడలేదని ఆ రోజు అనుకున్నాను. ఒకటి అడిగితే ఇంకొకటి చెప్పేవాడు. ఎన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నారని అడిగితే, మా ఊరు అహోబిలం పోయే దారిలో కొండ కిందే ఉందని చెప్పాడు. పిల్లలెందరని అడిగితే వాన సంగతి చెప్పాడు. గడుసువాడని రాసుకున్నాను. మా వృత్తిలో అలాంటి గడుసువాళ్లు చాలామంది తగులుతారు.

ఫోన్ నంబరు అడిగాను. లేదన్నాడు. ఇంట్లో ఒకటుందని, అది ఆడవాళ్ల దగ్గర ఉంటుందని చెప్పాడు. "ఫోనెత్తుకోని కొండెక్కితే కొండ గూడా ఆళ్లగడ్డే అవుతాది పేపరప్పా" అన్నాడు. యార్డు మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. శీర్షికకు పనికొస్తుందని కూడా అనుకున్నాను.

కొండ సంగతి అలా వచ్చింది. రోజూ తెల్లవారకముందే లేచి, ఇంటి వెనక దారి పట్టి నల్లమల మొదటి మెట్టులాంటి ఒక గుట్ట ఎక్కుతాడు. పైన ఒక నల్లటి బండ ఉంది. దాని మీద ఒక్కడే కూర్చుంటాడు. ఎండ బండను తాకగానే దిగి, స్నానం చేసి, మొదటి బస్సుకు ఆళ్లగడ్డ వస్తాడు. జ్వరమొచ్చినా, పండగైనా ఆగడు. మొక్కేమైనా ఉందా అని యార్డు వాళ్లు అడిగి అడిగి విసిగిపోయారట. నేనూ అడిగాను.

"ఏమీ ఇనకుండా ఉండేకి" అన్నాడు.

ఆ కొండ కింది ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. కట్టెలకో మేకల వెంటో కొండెక్కినవాళ్లు పైకి చేరగానే కూకేయాలి. అంటే రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి ఊరికి వినబడేలా గొంతెత్తి పిలవాలి. ఆ కూక ఎవరి చెవిన పడితే వాళ్లు, చుట్టం కాకపోయినా, పైవాడితో మాటల్లేని మనిషైనా సరే, 'ఓ' అని పలకాలి. పలికితే పైవాడు తన పని చూసుకుంటాడు. పలకకపోతే వెంటనే దిగి రావాలి, ఆ రోజుకు కొండ వద్దన్నట్టే. ఫోన్లు వచ్చాక అందరూ దాన్ని వదిలేశారు. ఈయన ఒక్కడే వదల్లేదు. ఈయన కూకేది మాత్రం దిగబోయే ముందు. పలకవలసింది ఆయన భార్య, ఇంటి మిద్దె మీద నుంచి. ఆమె పలికితేనే మరుసటి రోజు మళ్లీ కొండ. అది వాళ్లిద్దరి ఒప్పందం.

ఒక చలికాలం ఆయన వెంట నేనూ ఎక్కాను. తెల్లవారుజామున మోటారు సైకిలు మీద వాళ్ల ఊరు చేరేసరికి ఆయన వాకిట్లో సిద్ధంగా ఉన్నాడు. చేతిలో చిన్న గుడ్డసంచి, భుజం మీద తువ్వాలు. టార్చి లేదు. దారి తెలిసిన కాళ్లకు వెలుతురెందుకన్నట్టు నడిచాడు. నేను వెనక తడుముకుంటూ, రేల చెట్ల కొమ్మలు మొహానికి కొట్టుకుంటుంటే, ప్రతి పొద దగ్గరా ఆగి ఆగి ఎక్కాను. ఎక్కడో ఎండుటాకులు కదిలాయి. నేను నిలబడిపోయాను. ఆయన నిలబడలేదు. ఎంత ధైర్యం అనుకున్నాను.

బండ మీదకు చేరాక ఆయన చేసిన మొదటి పని తువ్వాలు విప్పి దులపడం. మసక వెలుతురులో రాతి దుమ్ము తెల్లగా లేచి గాలిలో కలిసింది. తర్వాత తువ్వాలు కొనతో రెండు చెవులూ శుభ్రంగా తుడుచుకున్నాడు, గుడిలోకి పోయే ముందు కాళ్లు కడుక్కున్నట్టు. తర్వాత రెండు అరచేతులూ బండకు ఆనించి కూర్చున్నాడు.

ఇంత శాంతంగా మనిషి మొహం ఉండగలదని నాకు ఆ రోజే తెలిసింది. యార్డులో ఎప్పుడూ ముడిపడి ఉండే కనుబొమ్మలు విడిపోయాయి. కింద ఊరు ఇంకా పొగమంచులోనే ఉంది. తూర్పున నల్లమల ఒక వరస వెనక ఇంకో వరసగా, ముందుది నల్లగా, వెనకది నీలంగా, ఆ వెనకది ఉందో లేదో తెలియనట్టుగా ఉంది. తడిసిన గడ్డి వాసన. ఆయన సంచిలోంచి బొరుగులు తీసి, నాకో గుప్పెడు పెట్టి, తనకో గుప్పెడు పెట్టుకుని ఒక్కొక్క గింజే నమలసాగాడు. బొరుగుల్లో పుట్నాల పప్పు, సన్నగా తరిగిన పచ్చి ఉల్లిగడ్డ. ఆ ఉల్లిగడ్డ ముక్కలంటే ఆయనకు ప్రాణం. అవి వచ్చినప్పుడు కళ్లు మూసుకునేవాడు.

వెలుతురు వస్తోంది. మా వెనక చెట్టు మీద పిట్టల గుంపొకటి గొడవ మొదలుపెట్టింది. పొదల్లో కౌజు పిట్టలు ఒకదాన్ని మించి ఒకటి అరుస్తున్నాయి. కింద ఎవరిదో మేకల గంట. అప్పుడు ఆయన నా వైపు తిరిగి, యార్డు గొంతుతో కాకుండా చాలా మెల్లగా అన్నాడు.

"సూసినావా పేపరప్పా, ఎంత నిమ్మళంగా ఉండాదో. పిట్ట గూడా పలకల్యా."

పరాచికమాడుతున్నాడనుకున్నాను. ఆయన మొహంలో పరాచికం లేదు. చెట్టు మీద పిట్టలు కొట్టుకు చస్తున్నాయి. ఆయన బండ మీద చేతులు ఆనించి, ఎదురుగా ఉన్న కొండలను చూస్తూ సంతోషంగా ఉన్నాడు. దారిలో ఎండుటాకులు కదిలినప్పుడు ఆయన ఎందుకు ఆగలేదో అప్పుడు నాకు అర్థమైంది. 

ఎండ బండను తాకింది. ఆయన లేచి, చేతులు నోటి చుట్టూ పెట్టి కూకేశాడు. ఆ వయసులో అంత గొంతు ఎలా వచ్చిందో! కొండ దాన్ని అందుకుని ఇంకో కొండకు ఇచ్చింది. ఆ తర్వాత నేను చెవులు రిక్కించి విన్నాను. మిద్దె మీద ఎవరూ కనబడలేదు. ఊళ్లోంచి ఏ గొంతూ రాలేదు. ఆయన తల కొంచెం పక్కకు వంచి, రాయి మీద దెబ్బ వేశాక నిలబడినట్టే, కాసేపు నిలబడ్డాడు.

"పలికింది, పద" అన్నాడు.

నాకేమీ వినబడలేదన్నాను. ఆయన నా నోటినే చూస్తున్నాడు కాబట్టి ఆ మాట అందింది.

"నీకు యాడ ఇనపడతాదప్పా, అవి నంద్యాల చెవులు" అని నవ్వాడు.

దిగబోతూ సంచిలో మిగిలిన బొరుగులు అరచేతిలో పోసుకుని, అందులోని ఉల్లిగడ్డ ముక్కలు ఒక్కొక్కటే ఏరి నోట్లో వేసుకున్నాడు. ఏరడం అయ్యాక ఆ గుప్పెడూ బండ మీద గుంటలాంటి చోట పోశాడు. ఎవరికని చేత్తోనే అడిగాను.

"యెనకొచ్చేటోళ్లకి. ఉల్లిగడ్డ పడదులే వాళ్లకి."

ఉడతలకో చీమలకో అయి ఉంటుందనుకున్నాను.

సగం దారి దిగాక ఆయన భార్య ఎదురైంది. ఎదురైందనడం తప్పు, మా వెనక నుంచి వచ్చింది. చీర కొంగు నడుముకు దోపి, నెత్తిన పిడికెడు గడ్డి మోపు. గడ్డికొచ్చానంది. ఆయన తల ఊపి ముందు నడిచాడు. నేను ఆమె పక్కన నడుస్తూ, గొంతు తగ్గించి, వదినా, ఈ రోజు మీరు పలకలేదు కదా అన్నాను. ఆమె చప్పున వేలు పెదాల మీద పెట్టుకుంది. మరుక్షణం, మాకు నాలుగు అడుగుల ముందు నడుస్తున్న ఆయన వీపు చూసి, ఆ వేలు తీసేసింది.

"గట్టిగనే మాట్లాడప్పా. ఆయప్పకు ఇనపడదు."

ఆయన వీపు వెనక నడుస్తూ, మామూలు గొంతుతో, ఆమె నాకు అంతా చెప్పింది. నేను మాత్రం ఆయన ఎక్కడ వెనక్కి తిరుగుతాడోనని మాటమాటకూ ఆయన మెడ వంకే చూశాను.

మూడు వానాకాలాల కిందట ఒక పొద్దున ఆమె పాలు పొంగి పోతుంటే లోపలికి పరిగెత్తి, మిద్దెక్కడం మరిచిపోయింది. కూక వినబడింది గానీ పలకలేదు. భయపడుతూ వాకిట్లో నిలబడితే ఆయన మామూలుగానే దిగి వచ్చాడు. పైగా, "ఈ పొద్దు బో గట్టిగా పలికినావే" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. మరునాడు కావాలనే పలకలేదు. పలికినావన్నాడు. ఆ తర్వాతి రోజు నుంచి, ఆయన వాకిలి దాటిన కాసేపటికి ఆమె కూడా కొండెక్కడం మొదలుపెట్టింది. ఆయన బండ మీద కూర్చుంటే, ఆమె వెనక రేల చెట్టు చాటున కూర్చుంటుంది. ఆయన కూకేసినప్పుడు అక్కడి నుంచే చిన్నగా 'ఓ' అంటుంది. ఆయనకు వినబడాలని కాదు. కూకకు ఎవరో ఒకరు పలకాలి, లేకపోతే కొండకు మర్యాద కాదని. ఆ రోజు నేనున్నాను కాబట్టి ఊరుకుంది.

ఎలుగుబంటి సంగతి కూడా అప్పుడే చెప్పింది. ఆ చలికాలానికి ముందటి సీతాఫలాల కాలంలో, పండ్ల కోసం దిగిన ఎలుగుబంటి ఒకటి బండ పక్క నుంచి గుర్రుగుర్రుమంటూ పోయిందట. ఆయన బొరుగులు నములుతూ కొండలు చూస్తూ కూర్చున్నాడు. ఆమె చెట్టు చాటు నుంచి చూస్తోంది. అరిస్తే అది తిరుగుతుంది. అరవకపోతే ఏమవుతుందో తెలియదు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని అలాగే ఉండిపోయింది. అది దాని దారిన పోయింది. అప్పటి నుంచి గడ్డి సంచిలో ఒక స్టీలు పళ్లెం, గరిటె పెట్టుకుని ఎక్కుతోంది.

ఇంత ప్రమాదం ఉన్నప్పుడు చెప్పేయొచ్చు కదా వదినా, చెవుల డాక్టరుకు చూపించొచ్చు కదా అన్నాను. ఆమె ఆగింది. మోపు సర్దుకుంది.

"ఆయప్ప పోయేది నిమ్మళం కోసరం. ఆ నిమ్మళం ఇప్పుడు ఇంట్లో గూడా ఉండాది, యార్డులో గూడా ఉండాది. అది తెల్సిందంటే ఇంగ కొండెక్కడు. రాయి పట్టడు. మంచం పడతాడు. నేనెట్ల జెప్పేది?"

ముందు నడుస్తున్న ఆయన ఒక ముళ్లకొమ్మను పక్కకు వంచి, మేము దాటేదాకా పట్టుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత నేను ఆళ్లగడ్డ వెళ్లినప్పుడల్లా యార్డుకు పోయేవాణ్ని. ఆయన్ను చూసి, ఈ రోజుకు బాగానే ఉన్నాడని తెలుసుకుని వచ్చేవాణ్ని. అలా వెళ్లిన ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతే ఆ నిశ్శబ్దం వింతగా ఉంది. కొత్తగా వచ్చిన ఒక పెద్ద రాయి మీద ఆయన అరచేయి ఆనించి సుత్తితో కొట్టాడు. టొక్ మంది. మట్టికుండ చప్పుడు. యార్డులో ఉన్న ప్రతి ఒక్కరికీ వినబడింది. టీ తెచ్చిన మనిషికి కూడా.

"పలికింది" అన్నాడాయన.

 యజమాని రాయి వంక చూశాడు, ఆయన వంక చూశాడు. సరే అన్నట్టు తల ఊపాడు. ఆయన సాయంత్రం బస్సెక్కాక ఆ రాయిని పక్కకు దొర్లించి ఇంకోటి తీసుకున్నారు. ఆయనతో మాత్రం కొనేవాళ్లు విగ్రహం చిన్నది చాలన్నారని చెప్పారు. ఆ పక్కకు నెట్టిన రాయి వేపచెట్టు కింద బల్లగా మిగిలిపోయింది. మధ్యాహ్నం సద్ది తినడానికి ఆయన దాని మీదే కూర్చునేవాడు. ఒకసారి నా ముందే దాన్ని నిమిరి, మంచి రాయి, ఎందుకొద్దన్నారో అన్నాడు. అప్పుడు ఆయన నా నోటి వంక చూడలేదు. రాయినే చూస్తున్నాడు. ఆయన నిజంగానే అడుగుతున్నాడా అని నంద్యాల చేరేదాకా బస్సులో ఆలోచించాను.

రాళ్లు ఎంచే పని మెల్లగా ఇంకొకరికి మారింది. ఆయన నునుపు పట్టే పనిలో కూర్చున్నాడు. కొండ మాత్రం మానలేదు. కాకపోతే ఆ ఏడే, మోకాళ్లు నొప్పులన్నాడట, పై బండ వదిలేసి చాలా కింద, ఊళ్లోంచి చూస్తే మనిషి స్పష్టంగా కనబడే బండకు మారాడు. తాను మొక్కిన మొక్కులకే ఆయనకు మోకాళ్ల నొప్పులొచ్చాయని ఆయన భార్య ఫోన్‌లో నవ్వుతూ చెప్పింది. ఆమె గొంతులో భయం తగ్గడం అదే మొదటిసారి విన్నాను. నాకు తగ్గలేదు.

నంది దిగిన వారం తర్వాత నేను వాళ్ల ఊరు వెళ్లాను. ఆమె చిక్కింది గానీ చురుగ్గానే ఉంది. ఆయన పోయాక కూడా కొండ మానలేదని చెప్పింది. ఇంట్లో ఉంటే ఊపిరాడదట. పొద్దున్నే రమ్మంది. ఆళ్లగడ్డలో పడుకుని తెల్లవారకముందే వెళ్లాను.

కింది బండ దాకా ఎక్కువ దూరం లేదు. అయినా ప్రతి పొద దగ్గరా ఆగి చూస్తూనే నడిచాను. మళ్లీ సీతాఫలాల కాలం. నమిలి ఊసిన గింజలు, చీల్చిన తొక్కలు దారిలో అక్కడక్కడా కనబడుతున్నాయి, ఇంకా తడిగా. ఆమె వాటిని కాలితో పక్కకు తోసి నడిచింది. చేతిలో ఆయన గుడ్డసంచి. బండ మీద కూర్చుని నాకు బొరుగులు పెట్టింది. ఉల్లిగడ్డ లేదు. అడగకుండానే, పచ్చిది తింటే తనకు పెళ్లికి ముందు నుంచీ కడుపులో మంట అని చెప్పింది. ఆయనకు మాత్రం అది లేకపోతే ముద్ద దిగేది కాదని చెప్పింది.

కాసేపు కొండలు చూస్తూ కూర్చున్నాం. తర్వాత ఆమే మొదలుపెట్టింది.

"ఆకలైతాండె అప్పా ఆ చెట్టు యెనక. ఆయప్ప దిగినాక బండ మింద కాకులకు పోసిన బొరుగులు ఉంటాండె. సిగ్గిడిసి నేనే తింటాంటి. దినాము. కాకుల నోటి కాడిది." నవ్వింది. "ఒగటి మాత్తరం మంచి పని జేసినా. ఒంటిగా కూర్చుంటాండానని ఆయప్ప అనుకుంటానే పోయినాడు. నేనుండానని తెల్సలే. తెల్సుంటే ఆ నిమ్మళం ఉండేది గాదు గదా?"

అవునంటానని ఎదురు చూస్తోంది. అవునని ఉంటే సరిపోయేది. కానీ ఆ చలికాలపు పొద్దు నా కళ్ల ముందు అంత స్పష్టంగా ఉంటే అబద్ధం రాలేదు. ఆయన బొరుగుల్లోంచి ఉల్లిగడ్డ ముక్కలు ఏరి పోసేవాడని, ఎవరికని అడిగితే వెనకొచ్చేవాళ్లకన్నాడని, వాళ్లకు ఉల్లిగడ్డ పడదన్నాడని చెప్పాను.

ఆమె నమలడం ఆపింది.  కౌజు పిట్టలు అరుస్తున్నాయి. ఆమె ముందు పైన కనబడుతున్న పాత బండ వంక చూసింది, తర్వాత మేము కూర్చున్న కింది బండ వంక, తర్వాత కింద కనబడుతున్న తన మిద్దె వంక చూసింది.

"ఐతే మోకాళ్లు బాగనే ఉండె ఆయప్పకు" అంది.

ఎండ ఇంకా బండను తాకలేదు. ఆమె సంచిలో చెయ్యి పెట్టి, ఒక గుప్పెడు తీసి, బండ మీద పోసి, నా వైపు చూడకుండా, "నువ్వు దిగుతా ఉండప్పా, నేను యెనక వస్తా" అంది.

నేను దిగాను. మలుపు దగ్గర ఆగి చూశాను. అక్కడి నుంచి బండ కనబడదు. ఎండ పైనుంచి జారుతూ వచ్చి నన్ను దాటి కిందికి పోయింది. ఆమె రాలేదు. ఎడమ పక్క పొదల్లో ఎండుటాకులు బరువుగా కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. పళ్లెం, గరిటె తెచ్చిందో లేదో నేను చూడలేదు. వదినా అని పిలిచాను. నా గొంతు మలుపు కూడా దాటలేదు. 

రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, ఆయన వేసినట్టే, ఉన్న ఊపిరంతా పెట్టి కూకేశాను. కొండ దాన్ని తీసుకుంది. తర్వాత ఏమీ లేదు. పిట్టలు కూడా లేవు. తల పక్కకు వంచి నిలబడ్డాను.

"ఓ" అని వచ్చింది పైనుంచి. నోటి నిండా బొరుగులున్నట్టున్నాయి, మాట ముద్దగా ఉంది. అయినా పలికింది.